కాగితం మీద కోట్లు: ఫెరాంటి కథ

ఆయుధాల కంపెనీ ఒకటి మూతపడిందని వింటే మనకు వెంటనే తోచే కారణాలు రెండు మూడే. యుద్ధాలు తగ్గి గిరాకీ పడిపోయి ఉండాలి. లేదా పోటీదారు అంతకన్నా మంచి సరుకు తెచ్చి ఉండాలి. అదీ కాకపోతే ప్రభుత్వం ఆర్డర్లు ఆపేసి ఉండాలి. బ్రిటన్‌లో నూరేళ్ళకు పైగా నడిచిన ఫెరాంటి కంపెనీని కూల్చింది మాత్రం వీటిలో ఏదీ కాదు. దాని ఇంజనీర్లు మొదలుపెట్టిన రాడార్ ఈనాటికీ ఐరోపా దేశాల యుద్ధవిమానాల్లో పనిచేస్తోంది. సరుకు మంచిది, పనివాళ్ళు సమర్థులు, కొనేవాళ్ళు ఉన్నారు. అయినా 1993 డిసెంబరులో కంపెనీ చేతులెత్తేసింది.

నేను రుణ విభాగంలో పనిచేసిన రోజుల్లో ఈ కథ గురించి చదివాను. బ్యాంకు ఉద్యోగి ఇంట్లో అందరూ తెలుసుకోదగ్గ కథ అనిపించింది. మన ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "కాగితాలన్నీ సరిగానే ఉన్నాయంటున్నారు కదా, మళ్ళీ ఆ ఫ్యాక్టరీ చుట్టూ తిరగడం ఎందుకు?" అని. ఆ తిరగడం ఎందుకో ఫెరాంటి కథ చెప్పినంత బాగా శిక్షణ తరగతుల్లో కూడా చెప్పలేరు.

దీపాల నుంచి రాడార్ల దాకా

ఫెరాంటి మొదట ఆయుధాల కంపెనీ కాదు. 1864లో లివర్‌పూల్‌లో పుట్టిన సెబాస్టియన్ జియాని డి ఫెరాంటి 1880లలో దీన్ని స్థాపించాడు. లండన్ నగరానికి దీపాలు వెలిగించడం కోసం డెట్‌ఫోర్డ్ దగ్గర ఒక విద్యుత్ కేంద్రం కట్టి, 10,000 వోల్టుల విద్యుత్తును దూరానికి పంపాలని తలపెట్టాడు. అప్పటికి అతని వయసు పాతికేళ్ళు కూడా లేవు. ఒకచోట కరెంటు పుట్టించి ఊళ్ళకు పంపే పద్ధతి ఇప్పుడు మనకు మామూలు విషయం. ఆ రోజుల్లో దాన్ని సాహసమనే అన్నారు.

మాంచెస్టర్ దగ్గరి హాలిన్‌వుడ్‌లో కంపెనీ మీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తూ ఎదిగింది. డబ్బు సంగతిలో మాత్రం పట్టు తప్పింది. 1903లో రిసీవర్ల చేతికి వెళ్ళింది. రిసీవరు అంటే అప్పులిచ్చినవాళ్ళ తరఫున కంపెనీ ఆస్తులను స్వాధీనం చేసుకుని నడిపే అధికారి. ఆ దెబ్బ నుంచి కంపెనీ కోలుకుంది. స్థాపకుడి కొడుకూ, తర్వాత మనవళ్ళూ దాన్ని నడిపారు.

రెండవ ప్రపంచ యుద్ధం దాని దారి మార్చింది. 1943లో ఎడిన్‌బరోలోని క్రూ టోల్ దగ్గర కొత్త ఫ్యాక్టరీ మొదలైంది. కదిలే విమానం నుంచి, కదిలే మరో విమానాన్ని గురిచూడడానికి తోడ్పడే గైరో గన్‌సైట్లు అక్కడ తయారయ్యాయి. యుద్ధం ముగిశాక కూడా ఆ ఫ్యాక్టరీ మూతపడలేదు. విమానాల రాడార్లు, దారి చూపే పరికరాలు, లేజర్లు అక్కడినుంచే వచ్చాయి.

కంప్యూటర్లలోనూ ఫెరాంటి ముందువరసలో నిలిచింది. 1951లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి అందించిన ఫెరాంటి మార్క్ 1, ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో ఒకటి. 1980ల మొదట్లో పిల్లలు ఇంట్లో ఆడుకున్న సింక్లెయిర్ కంప్యూటర్లలోని ఒక ముఖ్యమైన చిప్ కూడా ఫెరాంటిదే.

మన దేశానికీ ఆ పేరు కొత్త కాదు. మన వైమానిక దళం జాగ్వార్ విమానాల ముక్కులో అమర్చిన లేజర్ పరికరం ఫెరాంటి తయారీ. 1983 చివర్లో గోవాకు చేరి, 2016 దాకా మన నౌకాదళంలో పనిచేసిన సీ హారియర్ విమానాలు వచ్చినప్పుడు వాటిలో ఉన్న బ్లూ ఫాక్స్ రాడార్ కూడా ఫెరాంటిదే. విక్రాంత్, విరాట్ నౌకల మీద నుంచి లేచిన విమానాలవి.

లాభం ఎక్కువై తెచ్చిన చిక్కు

1950లలో బ్రిటన్ తన గగనతలాన్ని కాపాడుకోవడానికి బ్లడ్‌హౌండ్ అనే క్షిపణిని తయారు చేయించింది. దానికి దారిచూపే వ్యవస్థ ఫెరాంటి చేసింది. అలాంటి వస్తువు అంతకుముందు ఎవరూ చేసి ఉండలేదు కాబట్టి, ఎంత ఖర్చవుతుందో ప్రభుత్వ అధికారులకు సరిగ్గా అంచనా లేదు. ముందుగా వేసిన లెక్కల ప్రకారం ధర ఖాయమైంది. తీరా చూస్తే అసలు ఖర్చు అందులో ఎంతో తక్కువని తేలింది. పార్లమెంటులో గొడవైంది, విచారణ జరిగింది. చివరికి 1964లో ఫెరాంటి 42.5 లక్షల పౌండ్లు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, రక్షణ వ్యాపారంలోని అసలు బలహీనత ఇక్కడ కనబడుతుంది. బియ్యం ధర ఎంతో బజారులో నలుగురిని అడిగితే తెలుస్తుంది. క్షిపణి ధర ఎవరిని అడగాలి? సరుకు కొత్తది, వివరాలు రహస్యం. అడిగేవాడికి తెలియదు, తెలిసినవాడు చెప్పడు. ఆ రోజు ఆ చీకటి వల్ల లాభపడింది ఫెరాంటి. ఇరవై మూడేళ్ళ తర్వాత అదే చీకటిలో అది కాలుజారింది.

బ్యాంకు కాదన్న రోజు

1974లో కంపెనీకి మళ్ళీ కష్టం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ల విభాగం నష్టాల్లో కూరుకుపోయింది. జీతాలకూ సరుకుకూ డబ్బు చాలక ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి పెంచమని కంపెనీ అడిగితే బ్యాంకు కుదరదంది.

ఆ నిర్ణయం ఎంత కష్టమైందో మన పాఠకులు ఊహించగలరు. పేరున్న సంస్థ, వేల కుటుంబాలకు ఆధారం, దేశ రక్షణకు సరుకులిచ్చే కంపెనీ. అయినా 'ఈ అప్పు ఏ రాబడిలోంచి తీరుతుంది?' అన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది. ప్రభుత్వం ముందుకొచ్చి 1975లో పెట్టుబడి పెట్టి ప్రధాన వాటాదారు అయింది. డెరెక్ అలన్-జోన్స్ అనే కొత్త మేనేజింగ్ డైరెక్టరు వచ్చాడు. లెక్కల మీద అదుపు పెరిగింది, కంపెనీ లాభాల్లోకి వచ్చింది. 1980లో ప్రభుత్వం తన వాటాను అమ్ముకుని బయటికి వెళ్ళగలిగింది.

ఆ రోజు బ్యాంకు మొహమాటపడి పరిమితి పెంచి ఉంటే నష్టం మరో ఏడాది దాగి ఉండేదేమో. కాదన్నందువల్ల జబ్బు బయటపడింది, మందు దొరికింది.

పెద్దవాళ్ళం కావాలన్న తొందర

1980ల నడుమకు వచ్చేసరికి రక్షణ రంగంలో పెద్ద చేపలు చిన్న చేపలను మింగడం మొదలైంది. బ్రిటన్‌లో జి.ఇ.సి. అనే మహా సంస్థ తోటి కంపెనీలను కొనాలని చూస్తోంది. తామూ పెరగకపోతే మిగలమన్న బెంగ ఫెరాంటి యాజమాన్యానికి పట్టుకుంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఆయుధాలు కొనే అమెరికాలో వాళ్ళకు గట్టి స్థానం లేదు.

ఆ సమయంలో కంటికి ఆనింది ఇంటర్నేషనల్ సిగ్నల్ అండ్ కంట్రోల్ అనే కంపెనీ. క్లుప్తంగా ఐ.ఎస్.సి. అందాం. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్‌లో జేమ్స్ గెరిన్ అనే వ్యాపారి 1971లో దీన్ని స్థాపించాడు. 1982లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. ఏటేటా లాభాలు పెరుగుతున్నాయి, ఆడిటర్ల సంతకాలు ఉన్నాయి. దాని చేతిలో నిజమైన వ్యాపారాలు కూడా ఉన్నాయి. అంతరిక్ష నౌకలకు చిన్న రాకెట్ ఇంజన్లు చేసే మార్క్వార్ట్ కంపెనీ వాటిలో ఒకటి. దూరదేశాల ప్రభుత్వాలతో పెద్ద పెద్ద కాంట్రాక్టులు ఉన్నాయని పుస్తకాలు చెబుతున్నాయి.

1987లో ఫెరాంటి సుమారు 42 కోట్ల పౌండ్ల విలువకు ఐ.ఎస్.సి.ని తనలో కలుపుకుంది. కంపెనీ పేరు ఫెరాంటి ఇంటర్నేషనల్ సిగ్నల్ అయింది. గెరిన్ ఉమ్మడి బోర్డులో పెద్ద పీట మీద కూర్చున్నాడు.

ఇస్తినమ్మ వాయనం

ఐ.ఎస్.సి. పుస్తకాల్లోని పెద్ద కాంట్రాక్టుల్లో చాలావరకు ఉత్తవే. లేని వ్యాపారం లాభాలు ఎలా చూపించగలిగింది? ఇది అర్థం కావాలంటే ముందు ఒక మామూలు లెక్క పద్ధతి తెలియాలి.

ఇల్లు కట్టే కాంట్రాక్టరును తీసుకోండి. పని మూడేళ్ళు పడుతుంది. మొదటి రెండేళ్ళు లాభం సున్నా అనీ, మూడో ఏట అంతా ఒకేసారి వచ్చిందనీ రాస్తే లెక్క అసలు పరిస్థితిని చూపదు. అందుకని ఏ ఏడాది ఎంత పని పూర్తయితే అంత వంతు లాభం ఆ ఏడాది రాసుకుంటారు. డబ్బు కొంత వెనుకగా వస్తుంది, అది 'రావలసిన బాకీ' కింద ఉంటుంది. ఏళ్ళ తరబడి సాగే రక్షణ కాంట్రాక్టులకు ఇది న్యాయమైన పద్ధతే.

కానీ కాంట్రాక్టే అబద్ధమైతే? ఈ ఏడు నాలుగో వంతు పని అయిందని ఒక కాగితం, వచ్చే ఏడు సగం అయిందని ఇంకో కాగితం. ప్రతి కాగితంతో లాభం పెరుగుతుంది. ఇల్లయితే గోడలు కనబడతాయి. పరాయి దేశపు సైన్యం కోసం చేస్తున్న రహస్య క్షిపణి గోడలు ఎవరు చూస్తారు?

చూసేవాళ్ళు ఒకటి మాత్రం అడుగుతారు, 'మరి డబ్బు వచ్చిందా?' అని. దానికీ గెరిన్ బృందం దారి చూసుకుంది. సరఫరాదారులకు చెల్లింపు అని చెప్పి కంపెనీ డబ్బునే బయటికి పంపారు. అది పరాయి దేశాల్లోని పేరుకు మాత్రమే ఉన్న కంపెనీల గుండా తిరిగి, కొనుగోలుదారు ఇచ్చిన సొమ్ము వేషంలో వెనక్కి వచ్చింది.

శ్రావణ మాసంలో మన ఇళ్ళలో 'ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం' అంటూ ఒకరికొకరు ఇచ్చుకుంటారు కదా. ఒకే కొబ్బరికాయ వీధంతా తిరిగి మన ఇంటికే వచ్చిందనుకోండి. ప్రతి గడపలోనూ 'ఒక కాయ వచ్చింది' అని రాసుకుంటే పుస్తకంలో ఇరవై కాయలుంటాయి. వీధిలో ఉన్నది ఒక్కటే. బ్యాంకులో మనం దీన్ని డబ్బు గుండ్రంగా తిరగడం అంటాం. ఇలాంటి చక్రానికి ఒక గుణం ఉంది. ఆగితే పడిపోతుంది. తిప్పడానికి ఎప్పటికప్పుడు కొత్త డబ్బు కావాలి.

ఫెరాంటితో కలిశాక ఆ చక్రం ఎంతోకాలం తిరగలేదు. కాగితం మీద బాకీలు పెరిగాయి, చేతికి నగదు రాలేదు. 1989లో గెరిన్ తప్పుకున్నాడు. ఆ సెప్టెంబరులో ఫెరాంటి షేర్ల లావాదేవీలు ఆగిపోయాయి. 21.5 కోట్ల పౌండ్లు పోయినట్టేనని కంపెనీ చివరికి ప్రకటించింది. ఐ.ఎస్.సి.కి కట్టిన విలువలో అది సగానికి పైమాటే.

బ్రిటన్‌లో తీవ్ర ఆర్థిక నేరాల విభాగం దర్యాప్తు మొదలుపెట్టింది. గెరిన్ 1991లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మోసంతో పాటు, జాతి వివక్ష పాలన సాగుతున్న దక్షిణాఫ్రికాకు అక్రమంగా ఆయుధ పరికరాలు పంపిన నేరం కూడా ఉంది. 1992లో 15 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

రహస్యం అనే తెర

ఫెరాంటి వాళ్ళు అమాయకులేం కాదు. బోర్డులో అనుభవం పండినవాళ్ళు ఉన్నారు, పక్కన సలహాదారులు ఉన్నారు. అయినా ఎందుకు పట్టుకోలేకపోయారు?

నాకు తోచినంతలో మూడు కారణాలు కలిశాయి. ఒకటి, ఇతరుల సంతకం మీద భరోసా. ఆడిటరు చూశాడు, స్టాక్ ఎక్స్ఛేంజి చూసింది, ఇక మనం చూసేదేముంది అనుకోవడం. ప్రతివాడూ పక్కవాడు చూశాడనుకున్నాడు. రెండు, ఎవరైనా ఎగరేసుకుపోతారన్న తొందర. మూడోది అన్నిటికన్నా బలమైనది, రహస్యం. ఫలానా కాంట్రాక్టు వివరాలు చెప్పకూడదు, అది ఒక దేశపు భద్రతకు సంబంధించింది అంటే మర్యాదస్తులు రెండో ప్రశ్న వేయరు. రక్షణ రంగంలో పుట్టి పెరిగిన ఫెరాంటి వాళ్ళకు ఆ మాట మరీ సహజంగా వినిపించింది. తామూ అలాగే చెప్పేవాళ్ళు కదా!

రహస్యం ఉండవలసింది వస్తువు విషయంలో. రాడార్ ఎంత దూరం చూస్తుందో బయటివాళ్ళకు తెలియనక్కర లేదు. కానీ డబ్బు ఎవరివ్వాలి, ఇస్తానని ఆయన స్వయంగా ఒప్పుకున్నాడా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ ఒకే బీరువాలో పెట్టి తాళం వేయడమే మోసగాడికి కావలసింది.

కూలిన తీరు

ఆ గుంత పూడ్చడానికి ఫెరాంటి తన బంగారాన్నే అమ్ముకుంది. 1990లో ఎడిన్‌బరో రాడార్ వ్యాపారాన్ని జి.ఇ.సి.కి సుమారు 31 కోట్ల పౌండ్లకు ఇచ్చేసింది. ఎవరు మింగేస్తారోనని భయపడి ఐ.ఎస్.సి.ని కొన్నారో, చివరికి ఆ ఇంటికే పంపవలసి వచ్చింది. అప్పటికి ఎడిన్‌బరో ఇంజనీర్లు కొత్త ఐరోపా యుద్ధవిమానం కోసం ఇ.సి.ఆర్.-90 అనే రాడార్ మీద పనిచేస్తున్నారు. కంపెనీ ఆర్థిక స్థితి చూసి జర్మనీ సందేహించింది. జి.ఇ.సి. చేతికి వచ్చాక అదే రాడార్ ఎంపికైంది. తర్వాత టైఫూన్ విమానంలోకి చేరింది.

మిగిలిన ఫెరాంటి ఒక్కొక్క విభాగాన్నీ అమ్ముకుంటూ మూడేళ్ళు ఈదింది. 1993 శరత్కాలంలో జి.ఇ.సి. షేరుకు ఒక్క పెన్నీ ఇస్తానంది, తర్వాత అదీ మానుకుంది. డిసెంబరులో రిసీవర్లు వచ్చారు. తొంభై ఏళ్ళ కిందట ఒకసారి వాళ్ళ చేతిలోంచి బయటపడిన కంపెనీ ఈసారి బయటపడలేదు. మోసంతో ఏ సంబంధమూ లేని మనుషులు, తాతల కాలం నుంచి అక్కడే పనిచేసిన కుటుంబాలు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. దాచుకున్న షేర్లు చిత్తు కాగితాలయ్యాయి. క్రూ టోల్ ఫ్యాక్టరీ మాత్రం చేతులు మారుతూ ఇప్పుడు లియొనార్డో అనే ఇటలీ సంస్థ కింద రాడార్లు చేస్తూనే ఉంది. పనితనం బతికింది, కంపెనీ పేరు పోయింది.

మన శాఖల్లో

హైదరాబాదులో సత్యం ఉదంతం 2009 జనవరిలో బయటపడ్డప్పుడు మన తెలుగువాళ్ళకు ఈ పాఠం గట్టిగానే తగిలింది. అక్కడా లేని డబ్బు పుస్తకాల్లో ఏళ్ళ తరబడి ఉంది. కాబట్టి ఇది ఎక్కడో ఇంగ్లండు కథ అనుకోనక్కర లేదు.

హైదరాబాదు చుట్టుపక్కల రక్షణ సంస్థలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక యూనిట్ యజమాని ఒకసారి నా దగ్గరకు రుణం కోసం వచ్చాడు. పర్చేజ్ ఆర్డర్ చూపించమంటే, "రక్షణ శాఖ పని సార్, బయటపెట్టకూడదు" అన్నాడు. నేనాయనతో, "మీరు చేసే వస్తువేమిటో నాకొద్దండీ. డ్రాయింగులూ వద్దు. మీకు డబ్బివ్వవలసిన సంస్థ ఎవరు, ఎంత, ఎప్పుడు, ఇంతే చాలు" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. తనను అనుమానిస్తున్నాననుకున్నాడు. కొనుగోలు సంస్థ అకౌంట్స్ విభాగానికి ఆయన సమ్మతితోనే ఉత్తరం రాశాం. కొద్ది రోజులకు జవాబు వచ్చింది. ఆర్డర్ నిజమే, బిల్లుల సొమ్ము నేరుగా మన ఖాతాకే పంపుతామని ఆ సంస్థ రాసింది. రుణం మంజూరైంది. ఆ ఉత్తరం ఉన్నందువల్ల ఆయనకు మరుసటి ఏడాది పరిమితి పెంచడం కూడా తేలికైంది. ప్రశ్న నిజాయితీపరుడికి ఎప్పుడూ నష్టం చేయదు.

ఇవాళ ఈ పనికి సాధనాలు పెరిగాయి. స్టాక్ స్టేట్‌మెంటులో చూపిన అమ్మకాలను జి.ఎస్.టి. రిటర్నులతో పోల్చుతాం. ఖాతాలో పడిన జమలు అమ్మకాలకు తగ్గట్టున్నాయా అని చూస్తాం. ట్రెడ్స్ వేదిక మీద చిన్న పరిశ్రమల బిల్లును కొనుగోలుదారు ఒప్పుకున్న తర్వాతే బ్యాంకులు దాని మీద డబ్బిస్తాయి. పేర్లు కొత్తవైనా అన్నిటి వెనుకా ఉన్నది ఒకే ప్రశ్న: 'ఈ డబ్బు ఇవ్వవలసిన మనిషి నిజంగా ఉన్నాడా, ఇస్తానని తన నోటితో అన్నాడా?'

నలభై రెండు కోట్ల పౌండ్ల బేరంలో ఆ ప్రశ్నకు అసలు కొనుగోలుదారు నుంచే జవాబు రాబట్టి ఉంటే, బేరం అక్కడే ఆగేది. మార్చి నెలలో మీ ఇంట్లోని బ్యాంకు మనిషి పొద్దుపోయాక ఇంటికి చేరినప్పుడు, ఆ ఆలస్యంలో కొంత ఆ జవాబు కోసం తిరిగిన సమయం కూడా ఉంటుంది. దాని విలువ ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనబడదు. అందుకే ఇంట్లోవాళ్ళకైనా తెలిసి ఉండాలని ఇదంతా రాశాను.